ఎల్‌సీ ఇచ్చాక ఆ లైనుకు సార్ ఎవరు?

ఒక కరెంటు కంపెనీ ఎట్లా నడుస్తోందో తెలుసుకోవాలంటే నేను హెడ్డాఫీసుకు వెళ్ళను. అక్కడ అద్దాల బీరువాలో షీల్డులుంటాయి. గోడ మీద భద్రత గురించి నాలుగు మంచి మాటలుంటాయి. మార్చి 4న, జాతీయ భద్రతా దినం నాడు, అందరూ చెయ్యి ముందుకు చాపి ప్రతిజ్ఞ చేస్తున్న ఫొటో ఉంటుంది. ఇవన్నీ ఏ కంపెనీకైనా ఉండేవే. ఊరి బయట తుమ్మచెట్ల మధ్య, 33/11 కేవీ సబ్‌స్టేషన్ కంట్రోల్ రూమ్‌లో, ఆపరేటర్ టేబుల్ మీద ఒక పొడవాటి రిజిస్టర్ ఉంటుంది. ఎల్‌సీ బుక్కు, లైను మీద పని కోసం కరెంటు ఆపిన లెక్క రాసే పుస్తకం. కంపెనీ గుణం దాంట్లో తెలుస్తుంది. పైనుంచి ఎన్ని ఫోన్లొచ్చినా లైను చార్జ్ చెయ్యని, అంటే కరెంటు తిరిగి ఇవ్వని రాత్రులు అక్కడ ఎన్ని ఉన్నాయి, ఆ తర్వాత ఆ ఆపరేటర్ గతి ఏమైంది, నాకు కావలసింది అది.

నా ఉద్యోగమంతా ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లోనే గడిచింది. సబ్ ఇంజనీరుగా చేరి, మెట్లెక్కినంత మేర ఎక్కి రిటైరయ్యాను. సంస్థ పేరు రాయను. పెన్షన్ వస్తోంది, పైగా నాతో చేసినవాళ్ళు చాలామంది ఇంకా డ్యూటీలో ఉన్నారు. ఈ మధ్య పెద్ద పెద్ద కంపెనీల అధిపతులు నాయకత్వం మీదా, వర్క్ కల్చర్ మీదా ఇచ్చే ఉపన్యాసాలు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. మా అబ్బాయి వారానికి రెండు పంపిస్తాడు. మనమంతా ఒక కుటుంబం, నా గది తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి, ఇట్లాంటివి. వినడానికి బాగానే ఉంటాయి. పదకొండు వేల వోల్టుల లైను మీద మనిషి ఉన్నప్పుడు వాటిలో ఏది పనికొస్తుందో మాత్రం నాకు ఇంతవరకు అర్థం కాలేదు.

కరెంటు పనితో సంబంధం లేనివాళ్ళ కోసం ఎల్‌సీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. లైన్ క్లియర్ అని పూర్తి పేరు. లైను మీద పని చెయ్యాలంటే లైన్‌మన్ ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఫలానా ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకు పోయే లైను) మీద ఎల్‌సీ కావాలంటాడు. ఆపరేటర్ బ్రేకర్ ట్రిప్ చేసి కరెంటు ఆపి, లైనును విడదీసే ఏబీ స్విచ్ ఓపెన్ చేసి, తాళం వేసి, 'మనుషులు పనిచేస్తున్నారు' అనే బోర్డు తగిలించి, బుక్కులో టైము, పేరు, ఫీడర్, ఏ పని అన్నీ రాసి, ఒక నంబర్ ఇస్తాడు. లైన్‌మన్ అక్కడ లైనులో కరెంటు లేదని చూసుకొని, పనిచేసే చోటుకు అటూ ఇటూ రెండు వైపులా ఎర్త్ చేసి, అంటే రాడ్లతో లైనును భూమికి కలిపి, అప్పుడు పోల్ ఎక్కుతాడు. పని అయ్యాక మనుషులందరినీ దింపి, ఎర్త్ రాడ్లు తీసేసి, మళ్ళీ ఫోన్ చేసి ఎల్‌సీ రిటర్న్ ఇస్తాడు. ఇక్కడే అసలు మాట. ఎల్‌సీ తీసుకున్న మనిషే, అదే నంబర్ చెప్పి, రిటర్న్ ఇవ్వాలి. అప్పటిదాకా ఆ లైను చార్జ్ కాకూడదు. సెక్షన్ అధికారి ఏఈ చెప్పినా కాకూడదు, డివిజన్ అధికారి డీఈ చెప్పినా కాకూడదు, సంస్థ అధిపతి సీఎండీ స్వయంగా ఫోన్ చేసినా కాకూడదు.

కరెంటు కంపెనీలో హోదాలకు ఉండే విలువ బయటివాళ్ళకు తెలియదు. ఎవరి ముందు ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి, సర్కిల్ అధికారి ఎస్ఈ గారి జీపు వస్తే ఎవరు గేటు దాకా పరుగెత్తాలి, అన్నిటికీ రాయని రూల్సు ఉంటాయి. ఇన్ని హోదాలున్న వ్యవస్థలో ఎల్‌సీ తీసుకున్న ఆ గంటో రెండు గంటలో, పోల్ మీదున్న లైన్‌మన్‌కంటే పెద్ద అధికారి లేడు. బుక్కు ముందు కూర్చున్న ఆపరేటర్ ఆయన తరఫు కాపలాదారు. నన్నడిగితే, మొత్తం సంస్థలో పిరమిడ్ తలకిందులయ్యే చోటు ఇదొక్కటే. దీన్ని నిలబెట్టినవాడే నాయకుడు. ఫోన్ చేసి దీన్ని ఒక్కసారి విరగ్గొట్టినవాడు, ఎంత బాగా మాట్లాడినా, ఎన్ని షీల్డులు తెచ్చినా, నా లెక్కలో కాడు.

ఒక రాత్రి చెప్తాను. కృష్ణా పట్టీలో ఒక సబ్‌స్టేషన్. యాసంగి వరి పాలు పోసుకునే రోజులు. పొద్దుగూకిన తర్వాత ఈదురుగాలి లేచింది. ఒక ఫీడర్ ట్రిప్ అయింది, చార్జ్ చేస్తే నిలబడలేదు. లైన్‌మన్ వెతుక్కుంటూ పోయి పొలాల మధ్య ఒక పోల్ మీద ఇన్సులేటర్ పగిలిందని కనిపెట్టి ఎల్‌సీ తీసుకున్నాడు. నేను వేరే పని మీద ఆ కంట్రోల్ రూమ్‌లోనే ఉన్నాను. ఆపరేటర్ ఆర్టిజన్, ముప్పై దాటని కుర్రాడు. గంట గడిచింది. రిటర్న్ రాలేదు. లైన్‌మన్ ఫోన్ ఎత్తడం లేదు. మొదట ఊళ్ళోంచి ఫోన్లు, తర్వాత ఒక ప్రజాప్రతినిధి పీఏ, ఆ తర్వాత డివిజన్ ఆఫీసు నుంచి ఒక సారు. ఫోన్ స్పీకర్‌లో ఉంది కాబట్టి నాకు వినబడుతూనే ఉంది.

"ఇంకెంతసేపయ్యా?"

"రిటర్న్ రాలె సార్."

"వాడెప్పుడో దిగి ఇంటికి పోయుంటడు. చెప్పుడు మర్చిపోయిండు. చార్జ్ చెయ్యి."

"ఫోన్ లేపుతలేడు సార్. పోల్ మీదనే ఉన్నడేమో."

"నేను చెప్తున్న గద. చార్జ్ చెయ్యి."

ఆ కుర్రాడు ఒక్క క్షణం బుక్కు వైపు చూశాడు. "మీరొచ్చి బుక్కుల సంతకం పెట్టుండ్రి సార్, చేస్త" అన్నాడు. అవతల ఫోన్ కట్ అయింది. కుర్రాడి చేతులు వణుకుతున్నాయి, వాటర్ బాటిల్ మూత తీయడానికి కూడా రాలేదు. చాలాసేపటికి లైన్‌మన్ ఇంకొకరి ఫోన్ నుంచి మాట్లాడాడు. ఆయన ఫోన్ పోల్ మీంచి జారి మడిలో పడిపోయిందట. ఇన్సులేటర్ మార్చి, పక్క పోల్ దగ్గర జంపర్ (తీగలను కలిపే ముక్క) కూడా తెగిందని చూసి అదీ కట్టి దిగాడట. నంబర్ చెప్పి రిటర్న్ ఇచ్చాడు. ఫీడర్ చార్జ్ అయింది, నిలబడింది.

సినిమాలో అయితే ఆ కుర్రాడికి దండ వేస్తారు. ఇక్కడ మెమో వచ్చింది. ఫీడర్‌ను అనవసరంగా ఆపినందుకు, పై అధికారితో అమర్యాదగా మాట్లాడినందుకు సంజాయిషీ ఇమ్మని. ఆర్టిజన్‌కు మెమో అంటే ఏమిటో అందరికీ తెలియదు. 2017లో మన రాష్ట్ర విద్యుత్ సంస్థలు దాదాపు 23 వేలమంది కాంట్రాక్టు కార్మికులను ఆర్టిజన్లుగా తమలోకి తీసుకున్నాయి. వాళ్ళ ఉద్యోగానికి వేరే స్టాండింగ్ ఆర్డర్లు. చేసే పని రెగ్యులర్ ఉద్యోగిదే అయినా రూల్సు వేరు. అందుకే తమను కన్వర్షన్ చెయ్యాలని, అంటే రెగ్యులర్ ఉద్యోగులుగా మార్చాలని 2023లో సమ్మె దాకా వెళ్ళారు. అంటే పై అధికారికి కాదని చెప్పాల్సిన కుర్చీలో మనం కూర్చోబెట్టింది, కాదంటే అందరికంటే ఎక్కువ నష్టపోయే మనిషిని.

ఆ మెమోకు జవాబు ఆ కుర్రాడు రాయలేదు. అప్పటి మా ఏడీఈ గారు రాశారు. రెండే వాక్యాలు. ఎల్‌సీ రిటర్న్ కాని లైనును చార్జ్ చెయ్యకపోవడం ఆపరేటర్ డ్యూటీ అని ఒకటి. ఫీడర్ ఆలస్యానికి బాధ్యత సబ్ డివిజన్ అధికారిగా తనదని ఇంకొకటి. ఆ తర్వాత సెక్షన్ ఆఫీసులన్నిటికీ నోటిమాటగా ఒక ఆర్డర్ వేశారు: ఎల్‌సీ పెండింగ్‌లో ఉన్నంతసేపు సబ్‌స్టేషన్‌కు ఎవరూ ఫోన్ చెయ్యొద్దు, ఎవరికి తొందరగా ఉన్నా తనకే చెయ్యాలి. రాత్రి పన్నెండింటికి కూడా ఆయన ఫోన్ ఎత్తేవారు. తిట్లు ఆయన తినేవారు, ఆపరేటర్ దాకా రానిచ్చేవారు కాదు. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మీటింగుల్లో ఆయన మాట ఎవరికీ గుర్తుండేది కాదు. రివ్యూల్లో ఆయన సబ్ డివిజన్ ఎప్పుడూ అడుగునే ఉండేది, డీఈ కాకుండానే రిటైరయ్యారు. మా జిల్లాలో ఇప్పటికీ పాత లైన్‌మన్‌లు ఏ పెళ్ళిలో కలిసినా ముందు అడిగేది ఆయన ఆరోగ్యం గురించే.

ఆయన సబ్ డివిజన్ రివ్యూలో అడుగునే ఎందుకు ఉండేది? రివ్యూలో అడిగే ప్రశ్నలు అట్లాంటివి కాబట్టి. పొద్దున్నే టెలికాన్ఫరెన్స్. ఏ ఫీడర్ ఎన్నిసార్లు ట్రిప్ అయింది, ఎంతసేపు పోయింది, ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు కాలాయి, బకాయిలు ఎంత వసూలయ్యాయి. అన్నీ అంకెలే. తప్పు కాదు, అంకెలు లేకుండా ఇంత పెద్ద సంస్థ నడవదు. కాకపోతే నా సర్వీసులో ఏ టెలికాన్ఫరెన్స్‌లోనూ ఎవరూ 'నిన్న ఏ ఆపరేటరైనా లైను చార్జ్ చెయ్యనన్నాడా? ఎందుకన్నాడు?' అని అడగలేదు. అడగని సంగతి ఎవడూ చెప్పడు. కింద లైన్‌మన్ "గీ ఏబీ స్విచ్ బ్లేడు సరిగ పడుతలేదు సార్, మూడు నెలలాయె" అంటాడు. అది ఏఈ నోట్లో 'చిన్న మెయింటెనెన్స్ ఉంది' అవుతుంది, ఏడీఈ దగ్గర 'ప్రోగ్రామ్‌లో పెట్టాం', డీఈ దగ్గర 'అంతా నార్మల్'. పాలు చేతులు మారినకొద్దీ నీళ్ళు కలిసినట్టు, పైకి పోయినకొద్దీ మాట పలచబడుతుంది. పైనున్నవాడు తాగేది నీళ్ళే. ఆయన కూడా పాపం, పాలే తాగుతున్నాననుకుంటాడు.

ఇది మన ప్రభుత్వ సంస్థల జాడ్యం, ప్రైవేటులో ఇట్లా ఉండదు అనేవాళ్ళున్నారు. వాళ్ళకు టెక్సాస్ సిటీ కథ చెప్పాలి. అమెరికాలో ఆ ఊళ్ళో బీపీ కంపెనీకి పెద్ద రిఫైనరీ ఉండేది. 2005 మార్చి 23న, మరమ్మతుల తర్వాత ఒక యూనిట్‌ను మళ్ళీ స్టార్ట్ చేస్తున్నారు. టవర్‌లో ద్రవం ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు నిండిపోయింది. లెవెల్ చూపించే మీటరు మాత్రం తగ్గుతోందని చూపించింది. పొంగి బయటపడింది, మంట అంటుకుంది. 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. ఆ 15 మందీ కాంట్రాక్టు కార్మికులే. యూనిట్‌కు దగ్గరగా పెట్టిన ట్రైలర్ ఆఫీసుల్లోనూ వాటి చుట్టుపక్కలా ఉన్నవాళ్ళు.

ఆ దర్యాప్తు నివేదికలో నన్ను పట్టుకున్నవి చిన్న చిన్న సంగతులు. ఆపరేటర్లు రోజుకు 12 గంటల చొప్పున 29 రోజులకు పైగా వరసగా డ్యూటీ చేస్తున్నారు. రాత్రి షిఫ్టువాళ్ళు టవర్‌లో ఏం నింపారో, ఎంత నింపారో పగటి షిఫ్టుకు చెప్పాల్సిన లాగ్ బుక్కులో ఉన్నది ఒక్క ముక్క వాక్యం. అమోకో కంపెనీని కలుపుకున్నాక 1999లో ఖర్చులు 25 శాతం తగ్గించాలని పైనుంచి లక్ష్యం వచ్చింది. కంట్రోల్ రూమ్‌లో అర్ధరాత్రి కళ్ళు మూతలుపడుతున్నవాడికీ, లండన్‌లో కూర్చొని శాతాలు నిర్ణయించినవాడికీ మధ్య దారి అంత దగ్గరిదన్నమాట. తర్వాత అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ అధ్యక్షతన ఒక ప్యానెల్ వేశారు. 2007 జనవరిలో వాళ్ళు చెప్పిన దాని సారాంశం ఇది: చేతికి దెబ్బ తగలడం, కాలు బెణకడం లాంటి ప్రమాదాల లెక్క తగ్గుతుంటే, ప్లాంటే భద్రంగా ఉందని కంపెనీ పెద్దలు నమ్మేశారు. మాకు షీల్డులిచ్చే లెక్క కూడా సరిగ్గా ఇట్లాంటిదే.

అయినా బుద్ధొచ్చిందా? 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో అదే బీపీ కోసం బావి తవ్వుతున్న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలి 11 మంది చనిపోయారు. సరిగ్గా ఆ రోజే కంపెనీల పెద్దలు రిగ్ మీదికి వచ్చి ఉన్నారు. ఏడేళ్ళుగా పనిదినం నష్టపోయే ప్రమాదం ఒక్కటీ జరగలేదని అభినందించడం కూడా ఆ రాకలో భాగమే.

మన దగ్గరికే వద్దాం. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రం మన పాత పాలమూరు జిల్లాలోనే, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా ఈగలపెంట దగ్గర ఉంది. ఒక్కొక్కటి 150 మెగావాట్ల యూనిట్లు ఆరు. కొండ లోపలికి సొరంగంలో దిగిపోవాలి. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ మంటలు లేచి తొమ్మిదిమంది చనిపోయారు. ఏడుగురు విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కోవాళ్ళు, ఇద్దరు బ్యాటరీ కంపెనీ నుంచి పని మీద వచ్చినవాళ్ళు. డీఈ నుంచి జూనియర్ ప్లాంట్ అటెండెంట్ దాకా ఉన్నారు ఆ ఏడుగురిలో. ప్లాంటును కాపాడదామని చివరిదాకా లోపలే ప్రయత్నించారని అప్పుడు పత్రికలన్నీ రాశాయి. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో అన్నం ముట్టలేదు. ఆ డీఈ స్థానంలో ఉన్నవాడు తన మనుషులను వదిలి ముందుగా బయటికి రాలేదన్నది నాకు చాలా గొప్ప విషయం. దండం పెడతాను. కానీ అమరులు అని ఫ్లెక్సీ కట్టడంతో ఆగిపోతే వాళ్ళకు అన్యాయం చేసినట్టే. మన కరెంటువాళ్ళ రక్తంలోనే ఒకటుంది: ముందు సప్లై, ముందు ప్లాంటు, మనం తర్వాత. చేరిన మొదటి రోజు నుంచి నేర్పేది అదే, మెచ్చుకునేదీ అదే. 'ప్లాంటు పోతే పోనీ, మీరు బయటికి రండి' అని మామూలు రోజుల్లోనే పదే పదే చెప్పి, ఒక డ్రిల్లులో నిజంగానే అట్లా రప్పించి, వచ్చినందుకు మెచ్చుకున్న పై అధికారిని నేను చూడలేదు. పొగ కమ్ముకున్నాక ఆ మాట ఎవరికీ తట్టదు.

ఎల్‌సీ బుక్కులో ఇంకో రోగం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. బుక్కులో ఉన్న పేరు ఒకటి, పోల్ మీదున్న మనిషి ఇంకొకడు. ఒక లైన్‌మన్ చేతిలో నాలుగైదు ఊళ్ళు ఉంటాయి, బోర్ల ట్రాన్స్‌ఫార్మర్లు లెక్కలేనన్ని. ఒక ఊళ్ళో జంపర్ కడుతుంటే ఇంకో ఊళ్ళో ఫ్యూజు పోతుంది. అందుకని ఊరికొక ప్రైవేట్ హెల్పర్ తయారవుతాడు. ఆ ఊరి కుర్రాడే. చదువు మధ్యలో ఆగిపోయి ఉంటుంది. రైతులు తలా ఇంత ఇస్తారు. అతనికి ఎల్‌సీ అడిగే అధికారం లేదు కాబట్టి లైన్‌మన్ తన పేరు మీద తీసుకొని, "ఎక్కు తమ్మీ" అని ఫోన్‌లో చెప్తాడు. ఎల్‌సీ తీసుకున్నవాడే రిటర్న్ ఇవ్వాలన్న రూలు అప్పుడు ఏమవుతుంది? లైన్‌మన్ ఇంకో ఊళ్ళో ఉండి, పని అయిపోయిందనుకొని రిటర్న్ ఇచ్చేస్తే? ఒకే పోల్ మీద రెండు ఫీడర్లు పోతుంటే, ఒకదానికే ఎల్‌సీ ఉందని ఆ కుర్రాడికి ఎవరు చెప్పాలి? పక్కన ఫంక్షన్ హాలులో జనరేటర్ వేస్తే, దాన్ని లైను నుంచి వేరుచేసే చేంజోవర్ స్విచ్ సరిగ్గా లేక వెనక నుంచి కరెంటు వస్తుందని అతనికి ఎవరు నేర్పారు?

జరగరానిది జరిగితే, కాగితం మీద ఆ కుర్రాడు మావాడే కాదు. మావాడైన లైన్‌మన్‌కే జరిగితే రిపోర్టు ఎట్లా ఉంటుందో నాకు కంఠస్థం: 'సదరు కార్మికుడు ఎర్తింగ్ చేయకుండా, భద్రతా పరికరాలు వినియోగించకుండా, స్వీయ నిర్లక్ష్యంతో...' అబద్ధం కాదు. ఎర్త్ రాడ్ వెయ్యలేదు, నిజమే. ఆ ఎర్త్ రాడ్ల సెట్టు పొడవెంత, బరువెంత, ఒక పాత బైకు మీద మోకు, బోల్టులు, ఇన్సులేటర్, వెనక కూర్చున్న ఇంకో మనిషి, వీటన్నిటితో పాటు పొలం గట్ల మీద దాన్ని ఎట్లా తీసుకుపోవాలి అన్నది ఆ రిపోర్టులో ఉండదు. రబ్బరు గ్లౌజులు వేసుకుంటే వేళ్ళు మడతపడవు, చిన్న నట్టు పట్టు దొరకదు, అందుకే అవి సెక్షన్ ఆఫీసు అల్మారాలో కొత్తగానే ఉంటాయి. తనిఖీకి వచ్చిన సారు వాటిని లెక్కపెట్టి సంతోషిస్తారు. గ్లౌజులు వేసుకొని ఒక్క జంపర్ కట్టి చూపించమని ఆయన్ను ఎవరూ అడగరు కదా.

అవతలి వాదన కూడా నాకు తెలుసు. కరెంటు లేకపోతే నల్లగొండ, పాలమూరు పల్లెలకు బతుకే లేదు. కాలువ నీళ్ళు అందని చోట అంతా బోరుబావే. కరెంటు చార్జీల మీద 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయిన చరిత్ర మనది. రాష్ట్రం రాకముందు రాత్రిపూట ఇచ్చే కరెంటు కోసం మోటరు దగ్గరికి పోయి పాము కాటుకూ షాకుకూ పోయిన రైతులను చూసినవాళ్ళం. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సప్లై మొదలయ్యాక, ఒక్క గంట పోయినా ఎందుకు పోయింది అని అడిగే హక్కు రైతుకు వచ్చింది. రావాల్సిందే. పై అధికారి మీద కూడా ఒత్తిడి ఊరికే లేదు, ఆయనకు కలెక్టరేట్ నుంచి, ఎమ్మెల్యే ఇంటి నుంచి ఫోన్లు వస్తాయి, పొద్దున పేపర్లో తన ఫొటో పడుతుందేమోనన్న టెన్షన్ ఉంటుంది.

ఇంతా ఒప్పుకుంటాను. కానీ తొందర పెట్టేది రైతు అన్నది మాత్రం ఒప్పుకోను. ఎన్నో రాత్రులు ఊళ్ళవాళ్ళతో ఫోన్‌లో నేనే మాట్లాడాను. కారణం చెప్పకుండా 'వస్తది, చూస్తున్నం' అంటే తిడతారు, అమ్మనాన్నలను కూడా కలిపి తిడతారు. 'మనిషి పోల్ మీదున్నడు పటేలా' అని ఒక్క మాట చెప్తే, "అట్లనా, మెల్లగ కానియ్యి సారూ, తెల్లారినా మంచిదే" అన్నవాళ్ళే గానీ, అయినా సరే చార్జ్ చెయ్యమన్న రైతు నాకు ఒక్కడూ తగల్లేదు. పోల్ మీదున్నవాడు వాళ్ళ ఊరి పిల్లవాడే కదా. తొందర పుట్టేది మధ్యలో. రైతు అడిగింది 'ఎప్పుడొస్తది' అని. అది పీఏ నోట్లో 'ఎందుకు రాలేదు' అవుతుంది, డివిజన్‌కు చేరేసరికి 'వెంటనే ఇవ్వండి' అవుతుంది, సబ్‌స్టేషన్ ఫోన్‌లో 'చార్జ్ చెయ్యి' అవుతుంది. కింది నుంచి పైకి పోయే మాట పలచబడితే, పైనుంచి కిందికి వచ్చే మాట చిక్కబడుతుంది. రెండింటినీ మధ్యలో సరిచేసి పంపడానికే కదా అధికారికి ఏసీ గది, జీపు, జీతం ఇచ్చింది?

ఇప్పుడు దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ ప్లాంటు వచ్చింది. 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4,000 మెగావాట్లు. 2015లో శంకుస్థాపన, 2024 డిసెంబరులో మొదటగా రెండో యూనిట్‌ను జాతికి అంకితం చేశారు. మా జిల్లా పిల్లలు చాలామంది అక్కడ చేరుతున్నారు. డిప్లొమా అయిన మా చుట్టాలబ్బాయి చేరేముందు వచ్చి, సలహా చెప్పమన్నాడు. ప్లాంటులో ఎల్‌సీ లాంటిదే పర్మిట్ టు వర్క్ అని ఉంటుంది. మొదటి నెల మెషీన్ల గురించి తర్వాత నేర్చుకో, ముందు అక్కడ పర్మిట్ క్లోజ్ కాకుండా యూనిట్ తీసుకోనన్నవాడిని ఎట్లా చూస్తున్నారో చూడు అన్నాను. వాడు కాస్త నిరాశపడ్డాడు. జీతం, క్వార్టర్లు, ప్రమోషన్ల గురించి ఏదైనా చెప్తాననుకున్నాడు. కొత్త ప్లాంటుకు అలవాట్లు ఇంకా గట్టిపడి ఉండవు. మొదటి రెండేళ్ళలో ఎవరిని మెచ్చుకుంటారు, ఎవరికి మెమో ఇస్తారు అన్నదాన్ని బట్టే తర్వాత ముప్పై ఏళ్ళు నడుస్తుంది. ఈ సంగతి వాడికి ఇప్పుడు చెప్పినా ఎక్కదు.

కొన్ని చోట్ల ఎల్‌సీ ఫోన్ యాప్‌లోకి వచ్చింది. మంచిదే, ఎవరు ఎప్పుడు తీసుకున్నారో చెరపడానికి ఉండదు. కాకపోతే డివిజన్ నుంచి సారు చేసే ఫోన్ ఆ యాప్‌లో ఉండదు. నేను చాలా కాలంగా అడుగుతున్నది చిన్న పని. ఎల్‌సీ బుక్కులో ఇంకో గడి పెట్టండి: ఎల్‌సీ పెండింగ్‌లో ఉండగా ఎవరు ఫోన్ చేశారు, ఏ టైముకు, ఏమన్నారు. నెలవారీ రివ్యూలో ముందు ఆ గడి చదవండి, తర్వాత వసూళ్ళకు పోండి. ఇదే మాట ఈ మధ్య ఒక డీఈకి చెప్పాను, ఒకప్పుడు నా దగ్గర సబ్ ఇంజనీరుగా చేసినవాడే. నవ్వాడు. "అట్ల పెడితే ఎవ్వరు ఫోన్ చెయ్యరు సార్" అన్నాడు. అందుకే పెట్టమంటున్నానన్నాను. ఫార్మ్ మార్చాలంటే సర్క్యులర్ కావాలట, పైనుంచి అప్రూవల్ కావాలట, కొత్త రిజిస్టర్లు ప్రింట్ చెయ్యాలట.

డ్యూటీలో ఉన్న ఆపరేటర్ తమ్ముళ్ళకు నేను చెప్పేది వేరు. సర్క్యులర్ కోసం చూడకండి. బుక్కులో రిమార్క్స్ గడి ముందునుంచీ ఉంది, దాంట్లో ఏం రాయకూడదో ఎక్కడా రాసి లేదు. ఫోన్ రాగానే టైము, హోదా, అన్న మాట, నీలం పెన్నుతో రాయండి. హోదా చాలు, పేరు అక్కర్లేదు. అట్లా రాసినందుకు మెమో వస్తే, ఆ మెమో జిరాక్స్ తీసి అదే పేజీకి అంటించి, ఎల్‌సీ నంబర్ వెయ్యండి.